పేరు చెప్పి, నెమ్మదిగా అడగండి: వెబ్ రిక్వెస్టులకు తలకిందుల చిట్కాలు

పైథాన్‌లో ఒక వెబ్‌సైట్ నుంచి సమాచారం తెప్పించుకోవడం రెండు లైన్ల పని. రిక్వెస్ట్స్ అనే లైబ్రరీని ఇంపోర్ట్ చేసుకోవడం ఒక లైను, గెట్ అని రాసి అడ్రస్ ఇవ్వడం రెండో లైను. కెన్నెత్ రైట్జ్ 2011లో దాన్ని విడుదల చేసినప్పుడు ‘మనుషుల కోసం హెచ్‌టీటీపీ’ అని చెప్పుకున్నాడు. అంతకుముందు అదే పనికి పడ్డ తంటాలు గుర్తున్నవాళ్ళకి ఆ మాట గొప్పలు పోయినట్టు అనిపించదు.

పని తేలికైంది కదా అని సలహాలూ చవకైపోయాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో చెప్పేవీ, దుబాయ్ కరామా బెడ్ స్పేస్‌లో పైబెడ్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడికి వాట్సాప్‌లో వచ్చేవీ ఒకటే: వేగంగా పంపు, ఒకేసారి వంద పంపు, ఎవరో తెలియకుండా పంపు, ఎర్రర్ వస్తే పనయ్యేదాకా మళ్ళీ మళ్ళీ పంపు. దుబాయ్‌లో ఇలాంటి ప్రోగ్రామ్‌లు రాశాను, రాయించాను, అవతలి పక్క సర్వర్ దగ్గర కూర్చుని వాటి తాకిడి కాచుకున్నాను కూడా. నేనిచ్చే సలహాలు పైవాటికి పూర్తిగా తలకిందులు. తక్కువ పంపండి. నెమ్మదిగా పంపండి. పేరు చెప్పి పంపండి. వద్దంటే ఆగిపోండి. ప్రతి రిక్వెస్టూ అవతల ఒక మెషిన్ చేత, దాని వెనకున్న మనిషి చేత పని చేయించుకుంటుంది. ఆ సంగతి మర్చిపోని ప్రోగ్రామే మంచి ప్రోగ్రామ్ అని నా గట్టి నమ్మకం.

ముందు వెతకండి, తర్వాత మెయిల్ రాయండి, ఆఖరున కోడ్

దుబాయ్ వచ్చిన తెలుగు ప్రోగ్రామర్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అద్దెల ప్రోగ్రామ్ రాస్తారు. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలి. కరామాలో వన్ బీహెచ్‌కే ఎంత, అల్ నహ్దాలో ఎంత, షార్జా అయితే ఎంత మిగులుతుంది అన్న లెక్క కావాలి. ఏదో ఒక ప్రాపర్టీ సైట్ తెరిచి, పేజీ తర్వాత పేజీ లాగే లూప్ రాస్తారు. సైట్ బ్లాక్ చేస్తుంది. ప్రాక్సీ కొంటారు. అదీ బ్లాక్ అవుతుంది. ఇంతా చేసి చేతికొచ్చేది ఏజెంట్లు అడుగుతున్న అద్దె మాత్రమే, అంటే బేరం మొదలుకాకముందు మాట.

సంతకాలైన అద్దె వేరే చోట ఉంది. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని ఎజారీ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయించాలి. అలా నమోదైన ఒప్పందాల వివరాలను, క్రయవిక్రయాల వివరాలను దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ తన సైట్‌లోనే ఫైల్‌గా దింపుకోనిస్తుంది. ప్రభుత్వ శాఖల దగ్గరున్న డేటాను పంచుకోవడానికి 2015లోనే దుబాయ్‌లో 26వ నంబరు చట్టం చేశారు. దాని తర్వాత దుబాయ్ పల్స్ అనే డేటా పోర్టల్ వచ్చింది. దేశం మొత్తానికి బయానాత్ పోర్టల్ ఉంది. ఒక్కసారి దింపుకుంటే సరిపోయే ఫైల్ కోసం వేల పేజీలు లాగడం తెలివైన పని అని ఎవరు చెప్పినా నమ్మకండి. పైగా ఆ ఫైల్‌లో ఉన్నది జరిగిన బేరం. మీ ఇంటి యజమానితో మాట్లాడేటప్పుడు అక్కరకొచ్చేది అదే.

ఫైల్ దొరక్కపోతే మెయిల్ రాయండి. ‘ఈ వివరాలు కావాలి, రోజుకి ఒక్కసారి చాలు, ఈ పనికి వాడతాను’ అని మూడు వాక్యాలు. జవాబు రాదని కుర్రాళ్ళు ముందే తేల్చేసుకుంటారు. చిన్న సంస్థల నుంచి జవాబులు రావడం నేను చూశాను. ‘ఆ పేజీ వద్దు, ఈ అడ్రస్‌లో జేసన్ ఉంది, అది తీసుకోండి’ అని ఒక ఇంజనీరు రాసిన ఒక్క లైను ఎంత స్క్రేపింగ్ కోడ్‌ని మిగిల్చిందో చెప్పలేను.

దాక్కోకండి

రిక్వెస్ట్స్ లైబ్రరీ తనంతట తాను వెళ్ళేటప్పుడు యూజర్ ఏజెంట్ అనే హెడర్‌లో ‘పైథాన్-రిక్వెస్ట్స్’ అని, పక్కన వెర్షన్ నంబరు రాసుకుని వెళ్తుంది. అందరూ ఇచ్చే సలహా: అది తీసేసి క్రోమ్ బ్రౌజర్ పేరు అతికించు, ఐపీ మారుస్తూ ఉండు. నా సలహా: అక్కడ మీ ప్రోగ్రామ్ పేరు, మీరు రోజూ చూసుకునే మెయిల్ అడ్రస్ పెట్టండి.

దీనివల్ల ముందుగా బ్లాక్ అయ్యేది మనమే కదా అంటారు. అడిగిన తీరు బాగుంటే బ్లాక్ చేయరు, మెయిల్ చేస్తారు. సర్వర్ చూసుకునేవాడికి అర్ధరాత్రి లోడ్ పెరిగిందని అలారం మోగితే, లాగ్‌లో మెయిల్ అడ్రస్ కనబడితే ఒక మాట రాసి పడుకుంటాడు. మారుపేర్లు కనబడితే మొత్తం ఐపీల గుంపునే కొట్టేస్తాడు, మీతోపాటు ఏ పాపం ఎరుగని పదిమందీ పోతారు. పెద్ద పెద్ద సేవలు దీన్ని నియమంగానే పెట్టాయి. నార్వే వాతావరణ సంస్థ ఏపీఐ ఎవరో తెలియని యూజర్ ఏజెంట్‌కి 403 ఇచ్చి పంపేస్తుంది. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ తన ఎడ్గార్ డేటాకి మెయిల్ అడ్రస్ పెట్టమంటుంది, సెకనుకి పది రిక్వెస్టులు దాటొద్దంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ నామినాటిమ్ అడ్రస్ సేవ అయితే సెకనుకి ఒక్కటే.

ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్ళకి దీనికి ఇంకో బలమైన కారణముంది. 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం, సైబర్ నేరాలకు సంబంధించినది, 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా వెబ్‌సైట్‌లోకో సమాచార వ్యవస్థలోకో చొరబడితే జైలు, లక్ష నుంచి మూడు లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. నేరం చేయడానికో, చేసింది బయటపడకుండా ఉండడానికో ఐపీ అడ్రస్‌ను మాయ చేస్తే జరిమానా అయిదు లక్షల దగ్గర మొదలై ఇరవై లక్షల దాకా వెళ్తుంది. అందరికీ తెరిచి ఉన్న పేజీని పేరు చెప్పి చదివినవాడూ, లాగిన్ గోడ పక్కనుంచి దూరి, ప్రాక్సీ వెనక నక్కినవాడూ చట్టం ముందు ఒకటి కారు. వీసా మీద బతికే మనిషికి కేసు అంటే కోర్టుతో అయిపోయేది కాదు, ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ ఆ ఒక్క స్క్రిప్ట్‌కి తగులుకుంటాయి. అదే ఏడాది వచ్చిన 45వ నంబరు చట్టం వ్యక్తిగత డేటా గురించి. జనం పేర్లు, ఫోన్ నంబర్లు పోగేసే ప్రోగ్రామ్ రాస్తున్నవాళ్ళు కోడ్ ఆపి ముందు ఆ చట్టం చదవండి.

ఒక్కొక్కటిగా పంపండి

బ్రౌజర్ కూడా పాత పద్ధతిలో ఒక సైట్‌కి ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరుస్తుంది. ఏఐఓహెచ్‌టీటీపీ లాంటి లైబ్రరీ ఏమీ చెప్పకపోతే వంద దాకా పోనిస్తుంది. నేర్పేవాళ్ళు ఆ వందని పండగలా చూపిస్తారు. ఒక్క కనెక్షన్ చాలంటాను నేను. సెషన్ ఒకటి తెరిచి, దాన్నే వాడుకుంటూ, రిక్వెస్టుకీ రిక్వెస్టుకీ మధ్య సెకను ఆగండి.

వేగం కావాలంటే అది దొరికే చోటు వేరే. దుబాయ్ నుంచి అమెరికాలోని వర్జీనియాకి 11,000 కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికే సెకనులో పదో వంతు పైన పడుతుంది, దాన్ని ఏ కోడూ తగ్గించలేదు. కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ అసలు ప్రశ్న అడిగేలోపే ఆ దూరం రెండు సార్లు తిరగాలి: కనెక్షన్ కలవడానికి ఒకసారి, తాళం చెవులు మార్చుకోవడానికి ఒకసారి. గెట్, గెట్ అని విడివిడిగా రాస్తే ప్రతి గెట్‌కీ ఈ రెండు తిరుగుళ్ళూ కట్టుకుంటున్నట్టే. సెషన్ వాడితే మొదటిసారి మాత్రమే. వంద థ్రెడ్లు తెరవకుండానే సగానికి పైగా ఆలస్యం పోతుంది, అవతలివాడికీ పని తగ్గుతుంది.

అసలు ఎంత తరచుగా అడగాలి అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆలోచన ఆపేస్తారు. గల్ఫ్ తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఉదాహరణ దిర్హమ్ రేటు. నేర్చుకునే కుర్రాడు మొట్టమొదట రాసేది అదే, నిమిషానికోసారి రేటు అడిగి ఫోన్‌కి మెసేజ్ పంపే స్క్రిప్ట్. దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. దిర్హమ్‌కి ఎన్ని రూపాయలు అనేది నిజానికి డాలర్‌కి ఎన్ని రూపాయలు అనే ప్రశ్నే, ఒక భాగహారం తేడా. డాలర్-రూపాయి రిఫరెన్స్ రేటును ముంబైలో ఎఫ్‌బీఐఎల్ సంస్థ పనిదినానికి ఒక్కసారే ప్రకటిస్తుంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. అంటే దుబాయ్‌లో పన్నెండు గంటలు. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది. స్క్రిప్ట్ మాత్రం ఆ రెండు రోజుల్లో 2,880 సార్లు అదే ప్రశ్న అడిగి అదే జవాబు తెచ్చుకుంటుంది. ఇంటికి డబ్బు పంపే రోజున మాత్రం ఎక్స్‌ఛేంజ్ వాళ్ళిచ్చే రేటు చూడాలి, అందులో వాళ్ళ కమీషన్ కలిసి ఉంటుంది. అది ఆ రోజు ఒక్కసారి చూస్తే చాలు.

మారిందో లేదో తెలియనప్పుడు మొత్తం పేజీ అడగొద్దు. సర్వర్ ఈట్యాగ్ ఇస్తే దాచుకుని, తర్వాతిసారి ఇఫ్-నన్-మ్యాచ్ అని అదే తిప్పి పంపండి. మారకపోతే 304 వస్తుంది, లోపల పేజీ ఏమీ ఉండదు. ఇంత మర్యాదైన సదుపాయాన్ని ఇంత తక్కువమంది వాడడం నాకు బాధగా ఉంటుంది.

తొందరగా ఓడిపోండి

‘అన్నా, టైమౌట్ పెడితే ఎర్రర్ వస్తోంది, తీసేస్తే రావట్లేదు. తీసేయనా?’ అని అడిగాడు ఒక కుర్రాడు. వద్దన్నాను. ఎర్రర్ రాకపోవడానికి కారణం ప్రోగ్రామ్ అక్కడే నిలబడి ఎదురుచూస్తూ ఉండిపోవడం. రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం చెప్పకపోతే టైమౌట్ లేదు. జవాబు రాని సర్వర్ ముందు రాత్రంతా కూర్చుంటుంది, లాగ్‌లో ఒక్క ముక్క రాయదు. తర్వాత వచ్చిన హెచ్‌టీటీపీఎక్స్ లైబ్రరీ ఈ సంగతి గ్రహించి తనే అయిదు సెకన్లు పెట్టుకుంది.

రిక్వెస్ట్స్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది: టైమౌట్ = (3.05, 27). మొదటిది కనెక్షన్ కలవడానికి ఇచ్చే గడువు, రెండోది జవాబు కోసం ఎదురుచూసే గడువు. మూడు కాకుండా మూడుకి పైన ఒక పిసరు ఎందుకంటే, పోయిన టీసీపీ ప్యాకెట్‌ని మళ్ళీ పంపే వ్యవధి మూడు సెకన్లని పాత లెక్క. ఆ రెండో ప్రయత్నానికి కాస్త చోటివ్వడానికి ఆ 0.05. రెండో అంకె గురించి చాలామంది పొరబడతారు: అది మొత్తం జవాబుకి గడువు కాదు, ఒక బైట్ ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఉండే నిశ్శబ్దానికి గడువు. ఇరవై సెకన్లకో ముక్క చొప్పున నాన్చే సర్వర్ మీ ప్రోగ్రామ్‌ని తెల్లారేదాకా పట్టి ఉంచగలదు. మొత్తానికి గడువు కావాలంటే బయట మీరే గడియారం పెట్టుకోవాలి.

సముద్రం పక్కన ఉన్న దేశంలో ఇది ఊహించి చెప్పే కష్టం కాదు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్ళు తెగాయి. ఫిబ్రవరి 1న దుబాయ్ తీరానికి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. రిపేరుకి వెళ్ళినవాళ్ళకి అక్కడ టన్నుల బరువున్న లంగరు దొరికింది, ఎవరో వదిలేసిపోయింది. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఎమిరేట్స్‌లోనూ ఇండియాలోనూ నెట్ నెమ్మదించింది. అలాంటి రోజుల్లో సర్వర్లు బతికే ఉంటాయి, జవాబులే ఆలస్యంగా వస్తాయి. టైమౌట్ లేని ప్రోగ్రామ్‌లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయి, మెషిన్‌లో ఉన్న థ్రెడ్లన్నీ పట్టుకుని, నెట్‌తో పనిలేని వాటిని కూడా ముంచుతాయి. చిన్న గడువు పెట్టుకున్న ప్రోగ్రామ్ పడిపోయి, పడిపోయానని చెబుతుంది. ప్రొడక్షన్‌లో నాకు ఆ రెండోదే కావాలి.

సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే పని ఆపేయండి

వెరిఫై = ఫాల్స్. సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే ఈ ఒక్క మాట రాస్తే ఎర్రర్ మాయమవుతుంది, అందుకే ఇంత పేరు తెచ్చుకుంది. దుబాయ్ ఆఫీసుల్లో తరచుగా జరిగేది ఇదీ: కంపెనీ ఫైర్‌వాల్ ఉద్యోగుల ట్రాఫిక్‌ని మధ్యలో తెరిచి చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో మళ్ళీ మూసి పంపుతుంది. బ్రౌజర్‌కి ఐటీ వాళ్ళు ఆ సర్టిఫికెట్ ముందే నేర్పి ఉంటారు, పైథాన్‌కి నేర్పరు. మీ కోడ్ సరిగ్గానే అనుమానిస్తోంది. ఐటీ వాళ్ళని అడిగి ఆ సర్టిఫికెట్ ఫైల్ తీసుకుని, రిక్వెస్ట్స్_సీఏ_బండిల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని చోటు చెప్పండి. రెండు రోజులు పట్టినా సరే, టికెట్ పెట్టి కూర్చోండి. ఆ రెండు రోజులూ ప్రోగ్రామ్ నడవకపోతే ఏమీ మునగదు.

ఎవరిని నమ్మాలి అన్న ప్రశ్న ఈ దేశం పేరుతోనే ఒకసారి ప్రపంచం ముందుకు వచ్చింది. అబుదాబి కంపెనీ డార్క్‌మ్యాటర్ తన రూట్ సర్టిఫికెట్‌ను ఫైర్‌ఫాక్స్ నమ్మకస్తుల జాబితాలో చేర్చమని మొజిల్లాని కోరింది. 2019 జనవరిలో ఆ కంపెనీకీ ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద నిఘా పెట్టే కార్యక్రమానికీ సంబంధం ఉందని రాయిటర్స్ కథనం రాసింది. కంపెనీ కాదంది. నెలల తరబడి బహిరంగ చర్చ నడిచాక 2019 జులైలో మొజిల్లా ఆ అర్జీని తోసిపుచ్చింది, వాళ్ళ మధ్యంతర సర్టిఫికెట్ల మీద కూడా నమ్మకం తీసేసింది. రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడే సర్టిఫై ప్యాకేజీలో ఉన్నది మొజిల్లా రూట్ల జాబితాయే. మీరు గెట్ అని రాసిన ప్రతిసారీ అంత వాదోపవాదం జరిపి ఎవరో కట్టిన కంచె మీ పక్కన ఉంటుంది. వెరిఫై = ఫాల్స్ అంటే దాన్ని మొత్తంగా పీకేయడం, అది కూడా మీ కంపెనీ కస్టమర్ల పాస్‌వర్డులు దాటుతున్న చోట.

టెక్స్ట్ అడగొద్దు, బైట్లు తీసుకోండి

సర్వర్ టెక్స్ట్ పంపుతూ అది ఏ ఎన్‌కోడింగో చెప్పకపోతే, రిక్వెస్ట్స్ లైబ్రరీ పాత నియమం పట్టుకుని దాన్ని పశ్చిమ యూరప్ లిపిగా చదువుతుంది. ఇంగ్లిష్ పేజీలో తేడా ఏమీ తెలియదు. తెలుగైతే, అరబిక్ అయితే కొంప మునుగుతుంది. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. అందుకే చెడిపోయిన తెలుగు స్క్రీన్ మీద ఒక వరసలో కనిపిస్తుంది: నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్ళీ ఆ ‘ఏ’. అరబిక్ చెడితే అడ్డంగా గీత కొట్టిన ‘ఓ’లు, నెత్తిన గీత ఉన్న ‘యూ’లు వస్తాయి. ఈ రెండు ఆనవాళ్ళూ కంటికి అలవాటు చేసుకుంటే సగం రోజు వెతుకులాట తప్పుతుంది. లైబ్రరీ ఇచ్చే టెక్స్ట్‌ని పక్కనపెట్టి, కంటెంట్ అనే చోట ఉన్న ముడి బైట్లు తీసుకుని, మీరే యూటీఎఫ్-8గా విప్పండి. టెస్ట్ రాసేటప్పుడు ‘హలో వరల్డ్’ కాకుండా ఒక అరబిక్ వీధి పేరూ, ఒక తెలుగు ఊరి పేరూ పెట్టండి.

200 వచ్చింది కదా అని కూడా సంబరపడకండి. ఎయిర్‌పోర్టు వైఫైలో లాగిన్ పేజీ కూడా 200తోనే వస్తుంది. మీరు అడిగిన సంగతి అందులో ఉందో లేదో చూశాకే అది జవాబు.

సెలవులని కోడ్‌లో రాయకండి

ఏ రోజు అడగాలో, ఏ రోజు ఆగాలో ప్రోగ్రామ్‌కి తెలియాలంటే సెలవులు తెలియాలి. 2021 దాకా ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. పైథాన్‌లో సోమవారం 0 అయితే అవి 4, 5. ఆ అంకెలు ఎన్ని ప్రోగ్రామ్‌ల పొట్టల్లో పడి ఉండేవో. 2022 నుంచి ఫెడరల్ ప్రభుత్వం శని, ఆదివారాలకి మారి శుక్రవారం సగం రోజు పెట్టింది. షార్జా శుక్ర, శని, ఆదివారాలు మూడూ తీసుకుంది. 2022 జనవరి 7, కొత్త పద్ధతిలో తొలి పనిదిన శుక్రవారం. ఇక ఈద్ ఎప్పుడన్నది ముందురోజు సాయంత్రం నెలవంక కనబడ్డాకే ఖాయం. ఒక మనిషి ఫోన్‌లోంచి మార్చగలిగిన చిన్న పట్టికలో సెలవులు పెట్టండి, ప్రోగ్రామ్ దాన్ని చదువుకుంటుంది.

400 వస్తే బతిమాలకండి

ఫారం తప్పుగా నింపారు అని సర్వర్ చెప్పే మాట 400. దాన్ని దాటించడానికి ఖాళీ గడిలో చుక్క పెట్టడం, ఉన్న పేరునే రెండు సార్లు రాయడం ట్రావెల్ సాఫ్ట్‌వేర్‌లో పాత అలవాటు. మనవాళ్ళలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు చాలా. 2022 నవంబరులో ఎయిర్‌లైన్లు ప్రకటించాయి: పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద ఎమిరేట్స్‌లోకి రానివ్వరని. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరిపోతుందని తర్వాత వివరణ వచ్చింది. మీ కోడ్ చుక్క పెట్టి గట్టెక్కించిన మనిషి శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర, చేతిలో టికెట్‌తో, అప్పు తెచ్చిన డబ్బుతో నిలబడిపోతాడు. 400 వచ్చినప్పుడే ఆగి ఏజెంట్‌కి ఫోన్ చేయించి ఉంటే అతనికి పాస్‌పోర్టు సరిచేయించుకునే టైమ్ దొరికేది.

మళ్ళీ ప్రయత్నించకండి

2020 ఏప్రిల్ 29 రాత్రి దుబాయ్‌లోని భారత కాన్సులేట్, ఇంటికి వెళ్ళాలనుకునే భారతీయుల పేర్ల నమోదు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. కోవిడ్‌తో విమానాలు ఆగిపోయి నెల దాటింది. ఉద్యోగం పోయినవాళ్ళు, నెలలు నిండుతున్న ఆడవాళ్ళు, విజిట్ వీసా మీద వచ్చి చిక్కుకుపోయిన అమ్మానాన్నలు అందరూ ఒకే పేజీ మీద పడ్డారు. సైట్ ఆ రద్దీకి మొరాయించింది. కొద్ది రోజుల్లోనే లక్షన్నర మందికి పైగా నమోదు చేసుకున్నారు. మే 7న తొలి విమానాలు అబుదాబి నుంచి కొచ్చికి, దుబాయ్ నుంచి కోళికోడ్‌కి వెళ్ళాయి.

అలాంటి రాత్రి మీ చేతిలో లూప్ ఉంటే ఏం చేస్తారు? మీకు తెలిసినవాళ్ళ కోసమే అయినా, సెకనుకోసారి తలుపు తట్టే స్క్రిప్ట్ ఒకటి నడిపితే, సోనాపూర్ లేబర్ క్యాంపులో చవక ఫోన్‌లో రీచార్జ్ అయిపోతుందేమోనన్న భయంతో ఫారం నింపుతున్న నిజామాబాద్ మనిషి పేజీ తెల్లగా అయిపోతుంది. పైగా ఆ నమోదులో ముందు వచ్చినవాడికి ముందు సీటు అన్న లెక్కే లేదు. అవసరం ఎక్కువున్నవాళ్ళకి, అంటే గర్భిణులకి, వృద్ధులకి, రోగులకి, కష్టాల్లో ఉన్న కార్మికులకి ముందుగా సీట్లిచ్చారు. తెల్లవారుజామున మూడింటికి నింపినా, మర్నాడు మధ్యాహ్నం నింపినా ఒకటే. పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్లకీ, డ్రైవింగ్ టెస్టు తేదీలకీ స్క్రిప్ట్ రాసిపెట్టమని స్నేహితులు అడిగినప్పుడు నేను రాయనని చెప్పడానికి కారణం ఇదే. అక్కడ ఉన్న స్లాట్లు పెరగవు, స్క్రిప్ట్ లేనివాడి చేతిలోంచి జారిపోతాయి అంతే.

లైబ్రరీ కూడా నా పక్షమే. రిక్వెస్ట్స్ తనంతట తాను మళ్ళీ ప్రయత్నించదు, రీట్రైల అంకె సున్నా. తప్పనిసరై పెట్టుకుంటే రెండు చాలు, ఒక్కోసారీ వ్యవధి రెట్టింపు చేస్తూ, దానికి కొన్ని సెకన్లు అటూ ఇటూ కలుపుతూ. లేకపోతే ఒకే క్షణంలో పడిపోయిన వందమంది మళ్ళీ ఒకే క్షణంలో లేస్తారు. 429 వస్తే, అంటే చాలా ఎక్కువ అడుగుతున్నావు అని సర్వర్ నోరు తెరిచి చెబితే, రీట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఎంతసేపన్నది ఉంటే అంతసేపూ ఆగండి. ఏమీ లేకపోతే ఆ రోజుకి ఆపేయండి.

డబ్బు విషయంలో అసలే వద్దు

గెట్‌ని రెండు సార్లు పంపితే ఒకే పేజీ రెండు సార్లు వస్తుంది. పోస్ట్‌ని రెండు సార్లు పంపితే ఒకే పని రెండు సార్లు జరగొచ్చు. అందుకే రిక్వెస్ట్స్ కింద పనిచేసే యూఆర్ఎల్‌లిబ్3, రీట్రై పెట్టినా, అవతలికి చేరి ఉండే వీలున్న పోస్ట్‌ని తనంతట తాను మళ్ళీ పంపదు. మళ్ళీ పంపొచ్చన్న పద్ధతుల జాబితాలో పోస్ట్‌ని చేర్చడమెలాగో వెతుక్కుని మరీ చేర్చేవాళ్ళున్నారు.

ఇక్కడ జీతాలు 2009 నుంచి డబ్ల్యూపీఎస్ అనే వేతన రక్షణ వ్యవస్థ ద్వారా ఎలక్ట్రానిక్‌గా పడుతున్నాయి. జీతం పడిన సాయంత్రమే ఇంటికి పంపడానికి జనం ఎగబడతారు, రెమిటెన్స్ సర్వర్ల మీద బరువు పెరిగేదీ, టైమౌట్లు వచ్చేదీ అప్పుడే. జగిత్యాలకి 1,500 దిర్హమ్‌లు పంపమని మీ కోడ్ పోస్ట్ చేసింది, 27 సెకన్లు గడిచాయి, జవాబు లేదు. ఆ డబ్బు అవతలికి చేరకపోయి ఉండొచ్చు. చేరి, పని అయిపోయి, జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. ఇంకా క్యూలో ఉండి ఉండొచ్చు. టైమౌట్ ఈ మూడింటిలో ఏదో చెప్పదు. మళ్ళీ పంపితే రెండో, మూడో సందర్భాల్లో ఒక మనిషి నెల కష్టం రెండు సార్లు పోతుంది. వెనక్కి రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా అతను మెస్ డబ్బులకి అప్పు చేస్తాడు.

మొదటిసారి పంపకముందే ఆ లావాదేవీకి ఒక ప్రత్యేక నంబరు పుట్టించి, మీ డేటాబేస్‌లో రాసి, ఆ తర్వాతే పంపండి. అవతలి ఏపీఐ ఐడెంపొటెన్సీ కీ తీసుకునేదైతే ఆ నంబరే పంపండి. అదే కీతో మళ్ళీ వచ్చినదాన్ని వాళ్ళు కొత్త పనిగా చూడరు. తీసుకోనిదైతే మళ్ళీ పంపకండి. ఆ నంబరుతో స్టేటస్ ఏమిటని గెట్‌తో అడగండి, అది ఎన్ని సార్లడిగినా డబ్బు కదలదు. స్టేటస్ చెప్పే దారి కూడా లేకపోతే ఆ లావాదేవీని ‘తెలియదు’ అని గుర్తు పెట్టి మనిషి చూసే జాబితాలో వేయండి. కస్టమర్‌కి ‘మీ డబ్బు వెళ్ళిందో లేదో కనుక్కుంటున్నాం, మళ్ళీ పంపకండి’ అని తెలుగులో, హిందీలో మెసేజ్ పంపండి. ఆ జాబితాని పొద్దున్నే తెరిచి చూడాల్సింది ఎవరో, వాళ్ళ పేరు కోడ్‌లోనే కామెంట్‌గా రాసి పెట్టండి. జీతాల రోజులకి ఇద్దరి పేర్లు రాయండి.